మెచ్చుట, దిద్దుట

మనుష్యుడు తన చేతులతో ఏదైన ఒక వస్తువును చేసినప్పుడు అతనికి మొదట కలుగు కోరిక దానిని మరియొకరికి చూపవలెననునదే. పాదముపై తడియిసుకను మెత్తి గూడు కట్టిన పసిబిడ్డ “అమ్మా, చూడు!” అని పిలుచును. తాటియాకుతో గిరక చేసిన పిల్లవాడు దానిని పట్టుకొని వీధి పొడుగున పరుగెత్తును. కూర వండిన ఇల్లాలు “ఉప్పు సరిపోయినదా?” అని అడుగక మానదు. చేయుట సగము పని. చూపుట తక్కిన సగము. చూపిన వెంటనే చూచినవారు ఏదో ఒక మాట అందురు. ఆ మాట చేసినవాని చేతికి బలము నీయవచ్చును. ఆ చేతిని శాశ్వతముగా ముడిపింపవచ్చును. కనుక ఆ మాట ఎట్టిదై యుండవలెనో మనమందరము ఆలోచింపవలసి యున్నది.

కొన్నేండ్ల క్రిందట దసరా సెలవులలో నేను వేములవాడలో మా బంధువుల ఇంటికి వెళ్ళితిని. ఆ ఇంట ఏడవ తరగతి చదువు బాలిక యొకతె యుండెను. ఆమెకు ఎవరో ఒక పెట్టెడు ఆట ఇటుకలను కానుకగా ఇచ్చిరి. వీనిని మీలో చాలమంది చూచియే యుందురు. ప్లాస్టిక్కుతో చేసిన ఆ ఇటుకలకు పైన బొడిపెలుండును, క్రింద బోలుగా నుండును. ఒకదానిపై నొకటి ఉంచి నొక్కినచో అతుకుకొనును, లాగినచో ఊడివచ్చును. సున్నము అక్కరలేదు, సిమెంటు అక్కరలేదు. ఆ బాలిక రెండు దినములు కదలక కూర్చుండి, రాజరాజేశ్వరస్వామి క్షేత్రమున తాను చూచిన గోపురమును మనస్సులో నిలుపుకొని, ఆ ఇటుకలతో మూరెడు ఎత్తు గోపురమును కట్టినది. కట్టి ఇంటిల్లిపాదిని పిలిచినది.

చూచుటకు వచ్చినవారిలో మొదటివాడు ఆమె చిన్నాయన. ఆయన తల ఎత్తకయే “బ్రహ్మాండముగా నున్నది” అని తన పనిలో మునిగిపోయెను. రెండవవాడు ఆమె అన్న. వాడు చూచి పకపక నవ్వి, “గోపురము పచ్చగా ఉండునా? ఇది గోపురము కాదు, గడ్డివామి!” అనెను. ఇంతలో ఎవరి చేయియో తగిలి గోపురము నిలువునా చీలి రెండు ముక్కలై పడినది. అన్న మరింత నవ్వెను. బాలిక కన్నులలో నీరు నిండినది. ఆమె ఇటుకల నన్నిటిని పెట్టెలో పోసి మూత పెట్టినది.

ఆ సమయమున అరుగుపై కూర్చుండియున్న ఆమె తాత మెల్లగా లేచి లోనికి వచ్చెను. ఆయన నలువదేండ్లు సుతారి పని చేసిన మనిషి. ఆట ఇటుకలను ఆయన అంతకుముందు చేత పట్టి యెరుగడు. విడిపోయిన ముక్కలలో ఒకదానిని చేతిలోనికి తీసుకొని త్రిప్పి త్రిప్పి చూచి ఇట్లనెను: “బిడ్డా, కింద వెడల్పు పెట్టి పైకి పోను పోను సన్నం చేసినవు సూడు, అది మంచిగ కుదిరింది. గోపురం లెక్క అదే. గని అతుకు మీద అతుకు వచ్చింది. కింది ఇటుకల సందు ఏడ ఉన్నదో మీది ఇటుకల సందు గూడ ఆడ్నే ఉన్నది. అందుకే నిలువున చీలింది. మీది ఇటుకను సగం జరిపి పెట్టు. రెండిటి మీద ఒకటి కూసోవాలె.” పిమ్మట ఒక పచ్చ ఇటుకను చూపి, “ఇది ఎందుకు పెట్టినవు?” అని అడిగెను. ఆ బాలిక “పాత గోపురం సందులల్ల రావి మొక్క మొలుస్తది గద తాతా, అది” అనెను. ఆ మాట విని అక్కడున్న మేమందరము సిగ్గుపడితిమి. అంతవరకు ఆ ప్రశ్న అడుగవలెనని మాలో ఒక్కరికిని తోచలేదు.

ఆ మరునాడు గోపురము మరల లేచినది. ఈసారి ఇటుకలు ఒకదాని భుజముపై నొకటి చేయివేసినట్లు అమరినవి. రావి మొక్క మాత్రము తన చోటనే యుండెను.

ఈ చిన్న సంఘటనలో మూడు విధములైన మాటలున్నవి. చిన్నాయన మాట మెప్పు. కాని దానిలో చూపు లేదు. అన్న మాట నింద; దానిలోను చూపు లేదు. తాత మాట దిద్దుబాటు. అది చూచి చెప్పిన మాట. మెప్పునకును నిందకును వైరమున్నట్లు మనకు తోచును గాని, చూడక చెప్పినప్పుడు ఆ రెండును ఒక్క గూటి పక్షులే. చూచి చెప్పిన మాటయే చేసినవానికి ఉపకరించును. ఇదియే నేను చెప్పదలచిన సంగతి.

ఈ ఆట ఇటుకల కథయే దీనికి మంచి నిదర్శనము. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి యుండెను. 1932లో పనులు లేక కష్టకాలము వచ్చినప్పుడు ఆయన కొయ్యబొమ్మలు చేయుట కారంభించెను. 1934లో తన కర్మాగారమునకు ‘లెగో’ అని పేరు పెట్టెను. ‘బాగుగా ఆడుకొనుము’ అను అర్థము గల రెండు డేనిష్ మాటలను కలిపి ఆయన ఈ పేరు కల్పించెను. ఆయన కుమారుడు గాట్‌ఫ్రెడ్ చిన్నతనముననే తండ్రికి తోడుగా పని చేసెడివాడు. ఒకనాడు కొయ్యబాతులకు మూడు పూతలు వేయవలసియుండగా రెండే వేసి, పెట్టెలను రైలు స్టేషనుకు పంపి, ఇంత వార్నీషు మిగిల్చితినని తండ్రితో గర్వముగా చెప్పెను. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. ఆ పెట్టెలను వెనుకకు తెచ్చి, రాత్రియంతయు పట్టినను సరే, మూడవ పూత నీవే వేసి మరల పంపుమని చెప్పెను. కుమారుడు అట్లే చేసెను. తప్పు ఎక్కడనో చెప్పుట, దానిని సరిదిద్దు పనిని చేసినవాని చేతికే అప్పగించుట: ఈ రెండును ఆ వడ్రంగి మాటలో నున్నవి.

తరువాత 1949లో ఆ సంస్థవారు ప్లాస్టిక్కు ఇటుకలను చేయసాగిరి. ఇంగ్లండులో అంతకుముందే హిలరీ పేజ్ అను ఆయన చేసిన ఇటుకలను చూచియే వారు ఆ పనికి పూనుకొనిరి. మొదటి ఇటుకలు లోపల బోలుగా నుండుటచే గట్టిగా పట్టుకొనెడివి కావు. కట్టిన ఇల్లు కొంచెము కదలించినంతనే విడిపోయెడిది. ఈ లోపమును కప్పిపుచ్చక పరిశీలించి, ఇటుక అడుగున గొట్టములను అమర్చిరి. పై ఇటుక గొట్టములు క్రింది ఇటుక బొడిపెలను బిగించి పట్టినవి. 1958 జనవరి 28న ఈ పద్ధతికి పేటెంటు కొరకు దరఖాస్తు పెట్టిరి. ఆనాటి ఇటుక నేటి ఇటుకతో ఇప్పటికిని అతుకును. లోపము బయటపడుట ఆ బొమ్మకు కీడు కాలేదు. అదియే దాని బ్రదుకునకు పునాది యైనది.

ఈ ఇటుకల గురించియే మరియొక వింత యున్నది. ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 విధములుగా కూర్పవచ్చును. మూడింటిని 1,060 విధములుగా కూర్పవచ్చును. ఆరింటిని ఎన్ని విధములుగా కూర్పవచ్చును? 10,29,81,500 విధములని ఆ సంస్థవారు చాలకాలము చెప్పుచుండిరి. డెన్మార్కు గణితశాస్త్రజ్ఞుడు సోరెన్ ఐలర్స్ ఆ లెక్కను పరీక్షించి, అందులో ఇటుకలను ఒకదానిపై నొకటిగా ఆరు వరుసల ఎత్తు పేర్చిన కూర్పులు మాత్రమే చేరినవనియు, పొట్టి కూర్పులు విడిచిపోయినవనియు కనుగొనెను. సరియైన సంఖ్య 91,51,03,765. ఆ ఇటుకలను చేసినవారి లెక్కలోనే పొరపాటుండగా దానిని చూపినవాడు శత్రువు కాలేదు. ఆ సంస్థవారు కొత్త సంఖ్యనే స్వీకరించిరి. పొరపాటు తెలిసినందువలన ఆ ఇటుకల మహిమ ఎనిమిది రెట్లకు పైగా పెరిగినదే గాని తరుగలేదు!

ఇప్పుడు ఎన్నో దేశములలో పిల్లలే కాక పెద్దలును ఈ ఇటుకలతో కోటలు, వంతెనలు, రైళ్లు, దేవాలయములు కట్టుచున్నారు. పెట్టెతో వచ్చిన పటమును చూచి కట్టక, తమంత తాము ఊహించి కట్టినదానికి ‘నా సొంత సృష్టి’ అను అర్థము గల పేరు పెట్టుకొన్నారు. దానిని తోటివారికి చూపి, వారి మాట విని, మరల విప్పి కట్టుట వారికి ఆటలో భాగము. ఇటుకలాట యొక్క గొప్ప సుగుణ మిదియే. ఇందు ఏ తప్పును శాశ్వతము కాదు. విప్పిన ఇటుక చెడిపోదు.

ఇది పరాయిదేశపు అలవాటని మీరు తలపవలదు. మన ఊళ్ళలో ఇట్టి సభ ప్రతి సంవత్సరము జరుగుచునే యున్నది. దాని పేరు బతుకమ్మ. బతుకమ్మ పండుగలో భక్తి యున్నది, పాట యున్నది. వానితోపాటు ఒక నిర్మాణవిద్య కూడ నున్నది. తాంబాళములోనో వెదురు సిబ్బిలోనో గుమ్మడాకులు పరచి, దానిపై తంగేడు, గునుగు, బంతి, చామంతి పూవులను వరుసమీద వరుసగా వలయములుగా పేర్తురు. గునుగు పూవుల కొనలకు రంగులద్దుదురు. పైకి పోను పోను వలయము చిన్నదగును. నడుమ బోలుగా విడువక ఆకులతోను కాడల ముక్కలతోను కూరుదురు. పైకి కనబడునవి పూవులే యైనను నిలబెట్టునది లోపలి ఆకు. ఆకు వదులైనచో ఎంత చక్కని బతుకమ్మయైనను ఒక ప్రక్కకు ఒరగును.

తెలంగాణమున సాధారణముగా తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ జరుపుదురు. వేములవాడలో మాత్రము ఏడవనాడే జరుపుట ఆచారము. ఆనాటి సాయంకాలము ఇంటింటి బతుకమ్మయు ఒక్కచోట చేరును. ఒకదాని ప్రక్క నొకటి ఉంచినప్పుడు ఏది నిటారుగా నున్నదో, ఏది వంగినదో, ఎవరి రంగులు కుదిరినవో దాగునా? ఆడుచు పాడుచునే అమ్మలక్కలు అన్నియు చూతురు. ఒక పెద్దమ్మ పక్కింటి పిల్లను దగ్గరకు పిలిచి, “మూడో వరుస కాడ తంగేడు కట్ట పలుచగ కట్టినవు బిడ్డా, జర మందంగ కట్టు” అని చెప్పును. మరుసటి యేట ఆ పిల్ల బతుకమ్మ ఒరగదు. ఈ విద్యకు పుస్తకము లేదు, పరీక్ష లేదు. తల్లి నుండి కూతురునకు, పక్కింటి పెద్దమ్మ నుండి పక్కింటి పిల్లకు, మాటతోనే ఇది తరతరములుగా నడచివచ్చినది. ఆ మాటలో ఎకసక్కెమే యుండినచో ఎందరు పిల్లలు మరల పూవులు ముట్టెడివారు?

నిర్మల బొమ్మల సంగతియు ఇట్టిదే. పొనికి కొయ్య తేలికైనది, మెత్తనిది. నకాషీ పనివారు దానిని ఉలితో చెక్కి, తలను, కాళ్లను, తోకను వేరువేరుగా చేసి అతుకుదురు. చింతగింజల జిగురును రంపపు పొట్టుతో కలిపి సందులను పూడ్చి నునుపుచేయుదురు. పిమ్మట రంగులు దిద్దుదురు. చెక్కుటలో చేసిన తప్పును అతుకునప్పుడు చూడవలెను. అతుకులోని తప్పును పూతవేయునప్పుడు చూడవలెను. రంగు వేసిన పిమ్మట చూచినచో సమయము మించిపోవును. చెక్కినవాని మనసు నొచ్చునేమో యని తరువాతివాడు నోరు మూసికొనినచో లేడి కుంటుచునే అంగడికి చేరును. అట్లని “నీకు చెక్కుట రాదు” అని ఊరకున్నను లేడి కుంటుట మానదు. “వెనుక కాలు కొంచెము పొడుగైనది, ఇక్కడ తీయుము” అన్నప్పుడే అది నిలబడును.

వేములవాడ పేరు చెప్పగానే తెలుగువారికి భీమకవి జ్ఞప్తికి వచ్చును. ఆయన ఊరు ఇదియే యని కొందరును, గోదావరీ మండలమున దాక్షారామ సమీపమందలి వేములవాడ యని కొందరును చెప్పుదురు. ఆయనను గురించి ప్రచారమందున్న కథ యొకటి మీరు వినియుందురు. బాలుడైన భీమన్నను ఒక విందునకు రానీయక వాకిటనే నిలిపి తలుపులు మూసిరట. అవమానము పొందిన బాలుడు లోపలి అప్పములన్నియు కప్పలు కావలెననియు, అన్నము సున్నము కావలెననియు పలికెనట. అట్లే జరిగినది. పంక్తిలోనివారు హడలిపోయి వచ్చి వేడుకొనగా, కప్పలు మరల అప్పములగునట్లును, సున్నము అన్నమగునట్లును పలికెనట.

ఇది కథయే. ఐనను ఇందలి భావము నిజము. మన నాలుకకును ఆ శక్తి యున్నది. ఒకడు ఎంతో ఆశతో చేసి తెచ్చిన అప్పమును ఒక్క మాటతో కప్పను చేయగలము. అది చేయుటకు భీమకవి కానక్కరలేదు. వీధిలో పోవు ఎవడైనను చేయగలడు. కప్పను తిరిగి అప్పము చేయగలవాడే గొప్పవాడు. అంతకంటె గొప్ప సంగతి మరియొకటి యున్నది. ఆ బాలుడు తన్ను అవమానించినందువలననే అట్లు పలికెను. నేడు నవ్వుల పాలైనవాడే రేపు మరియొకనిని నవ్వుల పాలుచేయును. ఆ గొలుసును ఎవరో ఒకరు ఎక్కడనో ఒకచోట తెంపవలెను.

ఇతరులకు నీతులు చెప్పు ముందు నా తప్పు నేను ఒప్పుకొనుట న్యాయము. నేను మీ వయస్సున నున్నప్పుడు నాతో చదువు బాలుడొకడు జొన్నబెండ్లతో ఎడ్లబండిని చేసి బడికి తెచ్చెను. కాడి, నొగలు, చక్రములు, అన్నియు బెండ్లే, తుమ్మముళ్లే మేకులు. దానిలో ఒక చక్రము రెండవదానికంటె పెద్దది. నేను అందరికంటె ముందు దానిని కనిపెట్టి “కుంటి బండి!” అని కేక వేసితిని. అందరును నవ్విరి. నా చూపు ఎంత చురుకైనదో అని నేను పొంగిపోతిని. ఆ నాటినుండి ఆ బాలునకు అదియే పేరైనది. వాడు మరల ఏ బొమ్మను బడికి తేలేదు.

చాల ఏండ్ల తరువాత ఒక జాతరలో అతడు నాకు కనబడెను. మాటల మధ్య నేనే ఆ సంగతి ఎత్తి క్షమింపుమని అడిగితిని. అతడు నవ్వి, “నువ్వన్నది అబద్ధం గాదు. చక్రం పెద్దదే అయింది. గని దాన్ని చిన్నగ ఎట్ల చెయ్యాల్నో ఎవ్వలు చెప్పలేదు” అనెను. ఆ మాటలో కోపము లేదు. అందువలననే అది నన్ను ఇప్పటికిని విడువలేదు. నేను నాడు సత్యమే చెప్పితిని. కాని సత్యములో సగము చెప్పి, అక్కరకు వచ్చు సగమును మింగితిని. ఒక దారముతో రెండు చక్రముల వ్యాసమును కొలిచి చూపినచో సరిపోయెడిది. ఆ దారము నా జేబులోనే యుండెను. దానితో నేను బొంగరము త్రిప్పుచుంటిని.

కొందరు పెద్దలు “పిల్లలను మెచ్చుకొనుటయే మంచిది, తప్పులు చూపినచో ఉత్సాహము చచ్చును” అందురు. ఈ మాట దయతో పుట్టినది. ఐనను దీనిని నేను ఒప్పుకొనను. కాకిపిల్ల కాకికి ముద్దు. కాకికి ముద్దైనంత మాత్రమున ఆ పిల్లకు ఎగురుట వచ్చునా? అన్నిటిని బాగున్నదనువాని మాటకు కొంతకాలమునకు విలువ పోవును. నిజముగా బాగుగా చేసిననాడు కూడ వాడు అదే మాట అనునని పిల్లవాడు గ్రహించును. పైగా, తల ఎత్తకయే “బాగున్నది” అనుట దయ కాదు, అది తప్పించుకొనుట.

మరికొందరు “దెబ్బలు తినని శిల విగ్రహము కాదు. ఎగతాళికి ఓర్చుకొననివాడు ఏమి సాధించును?” అందురు. శిల దెబ్బలు తినును, నిజమే. కాని శిల్పి ఉలిని ఎక్కడ పెట్టవలెనో ఎరిగి పెట్టును. త్రోవన పోవువాడు రాయి విసరినచో శిల పగులును గాని విగ్రహము కాదు. దెబ్బ ఒక్కటే యైనను చేయి వేరు. ఎగతాళిని ఓర్చుకొని పైకి వచ్చినవారు కొందరున్నారు. దానిచే ఆగిపోయినవారు ఎందరో మనకు తెలియదు. వారు చేయవలసినవి లోకము చూడనే లేదు గదా!

అట్లయిన ఎట్లు చెప్పవలెను? మొదట చూడవలెను. బొమ్మను నాలుగు ప్రక్కల నుండి చూడక నోరు విప్పరాదు. పిదప అడుగవలెను. “ఇది ఎందుకిట్లు చేసితివి?” అను ప్రశ్నకు జవాబు వినువరకు అది తప్పో, ఊహయో మనకు తెలియదు. పచ్చ ఇటుక అన్నకు గడ్డివామి. అడిగిన తాతకు రావి మొక్క. చేసినవాడు ఏమి చేయదలచెనో దానిని బట్టి ఆ పనిని తూచవలెను గాని, మనమైనచో ఏమి చేసియుందుమో దానిని బట్టి కాదు. మెచ్చునప్పుడు మెచ్చిన చోటును చెప్పవలెను. “పైకి పోను పోను సన్నము చేసితివి” అనుట “బ్రహ్మాండము” అనుటకంటె నూరు రెట్లు మేలు. ఏలయన ఏది నిలుపుకొనవలెనో చేసినవానికి దానివలన తెలియును. తప్పు చెప్పునప్పుడు తప్పున్న చోటును, దాని కారణమును, వీలైనచో దిద్దు ఉపాయమును చెప్పవలెను. తప్పును వస్తువునందు చూపవలెను, మనిషికి అంటగట్టరాదు. “ఈ చక్రము పెద్దది” అనుట వేరు. “నీవు కుంటి బండివాడవు” అనుట వేరు. చివరకు, దిద్దు పనిని చేసినవానికే విడువవలెను. మనము చేయి పెట్టి సరిచేసినచో అది మన బొమ్మ యగును గాని వానిది కాదు.

చూపువానికిని కొన్ని ధర్మములున్నవి. మెప్పు మాత్రమే కావలెననుకొనువాడు అద్దమునకు చూపుకొనుట మంచిది. పదిమందికి చూపినప్పుడు పది మాటలు వినుటకు సిద్ధపడవలెను. తప్పు చూపినవానితో వెంటనే వాదింపరాదు. ఇటుకలు మంచివి కావని, వెలుతురు చాలలేదని చెప్పుట ఆడలేక మద్దెల ఓడన్నట్లుండును. విన్న మాటను ఇంటికి తీసికొనిపోయి పరీక్షింపవలెను. సరియైనచో స్వీకరింపవలెను. సరికానిచో మర్యాదగా విడువవలెను. ఆ బాలిక అతుకుల మాట వినినది. పచ్చ ఇటుకను తీసివేయలేదు. ఎవరి మాటయు వినని మొండితనమును కాదు, ఎవరి మాట విన్నను మారిపోవు పిరికితనమును కాదు. ఈ రెంటి నడుమ దారి ఆమె త్రొక్కినది. ఇదియే నిజమైన స్వాతంత్ర్యము.

వేములవాడకు కొంత దూరమున, కరీంనగరు జిల్లా గంగాధర మండలమందు, కుర్క్యాల సమీపమున ఒక గుట్ట యున్నది. కొండపై చెక్కిన జైన శిల్పములను చూచి జనులు దానికి బొమ్మలమ్మగుట్ట యని పేరు పెట్టిరి. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానమున ప్రసిద్ధుడైన కన్నడకవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దమున అచ్చట ఒక శాసనము వేయించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్న ఆ శాసనమందు తెలుగు కందపద్యములు గలవు. వేయి సంవత్సరములకు పైగా వాన, ఎండ, వచ్చిపోవువారి మాటలు, అన్నిటి ఎదుట అవి నిలిచియున్నవి. తాము చేసినదానిని దాచుకొనక దారిన పోవువారందరి కన్నుల యెదుట పెట్టిన ధైర్యము వారిది. ఆ ధైర్యమును మన ఇండ్లలో, మన బడులలో చిన్న చేతులు ప్రతిదినము చూపుచున్నవి. మట్టి ఎద్దుతో, కాగితపు పడవతో, ఇటుకల గోపురముతో మన ఎదుట నిలిచి “చూడుము” అనుచున్నవి.

నోరు మంచిదైనచో ఊరు మంచిదని పెద్దలందురు. నోటికంటె ముందు కన్ను మంచిది కావలెను. కనుక బాలబాలికలారా, రేపు మీ తోటివారిలో ఒకరు ఏదైన చేసి తెచ్చి మీ ముందుంచినప్పుడు ఒక్క నిమిషము ఊరకుండి దానిని చూడుడు. ఒక ప్రశ్న అడుగుడు. బాగున్న చోటును వ్రేలితో చూపుడు. బాగులేని చోటును కూడ చూపుడు; మీ జేబులో దారముండినచో ఆ దారమును వారి చేతికిండు. మీరు చేసినదానిని దాచుకొనక చూపుడు. పడిపోయిన గోపురమును మరల కట్టవచ్చును.